గార్డుగారి మూల

డిసెంబరు ఐదు, శుక్రవారం. ఉయ్యూరు దగ్గర మా చేను. మబ్బు పట్టి ఉంది. తూర్పు గాలి.

ఉన్నవారు: నేను. నా భార్య. ఆమె తమ్ముడు, అంటే మా బావమరిది. ఊళ్ళో ఉండి చేను చూసేది ఆయనే. మా ప్రార్థన మందిరం పెద్దాయన. కోతమిషను డ్రైవరు, మైలవరం అతను.

రావలసిన మనిషి: ఒకరు. రాలేదు.

రైల్వేలో గార్డుగా చేసినన్నాళ్ళూ బండి ఏ స్టేషన్లో ఎంతసేపు ఆగింది, ఎందుకు ఆగింది అని రాయడం నా ఉద్యోగంలో భాగం. రిటైరై విజయవాడలో ఇంటిపట్టున ఉంటున్నా ఆ అలవాటు పోలేదు. డైరీలో ముందు తేదీ, తరవాత ఉన్నవాళ్ళు, ఆ తరవాతే జరిగిన సంగతి. రాని మనిషిని కూడా రాసుకున్నది ఆ ఒక్క రోజే అనుకుంటాను. డైరీలో పేర్లున్నాయి. ఇక్కడ వదిలేస్తున్నాను.

మేము యూదులం. విజయవాడలో ఈ మాట చెబితే చాలామంది ముందు నవ్వుతారు, తరవాత నా లుంగీ వంక, మా ఆవిడ నేతచీర వంక చూస్తారు. మా నాన్న తరంలో డెల్టాలో కొన్ని కుటుంబాలు చర్చి మాని సబ్బాతు పట్టాయి. అంతకు ఎంతో ముందు నుంచీ మనం యూదులమేనని మా పెద్దలు అంటారు. నేను వాదించను. శుక్రవారం పొద్దుగూకిన దగ్గర్నుంచి శనివారం చుక్కలు కనిపించేదాకా మేము పని చెయ్యం, పొయ్యి ముట్టించం, ప్రయాణం కట్టం, కలం పట్టం. అందుకని ఆ శుక్రవారం, మర్నాటి ఉదయం సంగతులు రెండూ నా డైరీలో శనివారం చీకటిపడ్డాక ఒకేసారి రాసినవి.

ఆ చేను ఎకరం. ఉద్యోగంలో ఉండగా కొన్నాను. కొన్న ఏడాది నుంచీ కోతప్పుడు కాలువ వైపు మూల ఐదు సెంట్ల మేర కొయ్యకుండా వదిలేస్తున్నాను. పొలం ఓరలు పూర్తిగా కొయ్యకూడదనీ, రాలిన పరిగె ఏరుకోకూడదనీ, అవి పేదవాళ్ళకూ పరాయి ఊరి నుంచి వచ్చినవాళ్ళకూ వదలాలనీ మా ధర్మశాస్త్రం. ఇశ్రాయేలు దేశం బయట అది తప్పనిసరి కాదని పెద్దాయనే ఒకసారి చెప్పాడు. తప్పనిసరి కాకపోయినా తప్పు కాదు కదా అన్నాను. ఊళ్ళో దాన్ని గార్డుగారి మూల అంటారు. మా బావమరిది మాత్రం, “బావగారు మూల వదలడం లేదు, మూల పడేస్తున్నారు” అంటాడు.

నేను అలా వదలడానికి ధర్మశాస్త్రం ఒక్కటే కారణం కాదు. మా అమ్మ పరిగె ఏరేది. కుప్పలు లేచాక రైతు గట్టుమీద నిలబడి, “నువ్వు దిగు, నువ్వు దిగు, నువ్వొద్దు” అని వేలు పెట్టి చూపించేవాడు. ఆ వేలు మా అమ్మ మీద ఆగుతుందా, దాటిపోతుందా అని నేను ఆమె కొంగు పట్టుకుని చూసేవాణ్ణి. అందుకే పెద్దవాణ్ణయ్యాక మందిరంలో ఆ నియమం విన్నప్పుడు ఇంకోసారి చెప్పమన్నాను. మూల దగ్గర ఒకర్ని రానిచ్చి ఒకర్ని ఆపకూడదు. అంతే కాదు, వచ్చినవాళ్ళలో ఒకరికి చెయ్యి సాయం చెయ్యకూడదు కూడా. చేస్తే మిగతా పేదల్ని దోచుకున్నట్టే. వదిలేదాకానే యజమాని పని. ఆ తరవాత అది అతని చేను కాదు.

మా మందిరంలో దీనంతటికీ కలిపి ఒక హెబ్రూ మాట వాడతారు, త్సెదాకా అని. దయ అని కాదు, న్యాయం అనే మాటలోంచి పుట్టిందట. పెద్దాయన అది చెప్పినప్పుడు నాకు విజయవాడ ప్లాట్‌ఫారం మీద చెయ్యి చాపే మనిషి గుర్తొచ్చాడు. ఆ మనిషి ఏనాడూ దయ చేయమనలేదు, ధర్మం చేయమనే అడిగాడు. మనమే ఆ మాటని చిల్లర కింద విన్నాం.

ఇక రాని మనిషి సంగతి. కాలువకి అవతలి గట్టు మీద, సరిగ్గా మా మూలకి ఎదురుగా ఆమె ఇల్లు. చర్చికి వెళ్ళే కుటుంబం; ఒకప్పుడు మా రెండు ఇళ్ళదీ ఒకే చర్చి, కాబట్టి నన్ను అన్నయ్యగారూ అనీ, నా భార్యని వదినా అనీ పిలుస్తుంది. నాట్ల ముఠాకి ఆమె పెద్ద. ఇరవై మంది ఆడవాళ్ళని వెంటేసుకుని కంకిపాడు దాకా వెళ్ళి నాట్లు వేయించేది, కోతలు కోయించేది. కూలి దగ్గర రైతుతో ఆమె మాట్లాడుతుంటే మిగతావాళ్ళు వెనక నిలబడి నవ్వుకునేవాళ్ళు. మా మూలలో ఎవరూ దిగకుండా కనిపిస్తే, “గార్డుగారి మూలకెళ్ళండే, కొంగులు తెచ్చుకోండి” అని ముఠాలో ఇబ్బందిగా ఉన్నవాళ్ళని తోలింది కూడా ఆమే. ఆమె మాత్రం ఎప్పుడూ దిగలేదు.

మిషన్లు వచ్చి కోత పని పోయింది. ఎండాకాలంలో ఆమె భర్తకి పక్షవాతం వచ్చింది. మనిషిని వదిలి ఆమె నాట్లకు వెళ్ళలేకపోయింది. రేషను బియ్యం ఇద్దరికీ నెలలో సగానికి వస్తాయి. నా భార్య వినాయకచవితి సెలవుల్లో ఊరెళ్ళి వాళ్ళింటికి బియ్యం సంచి పంపింది. తెల్లవారేసరికి ఆ సంచి మా బావమరిది గుమ్మంలో ఉంది. మూతి కట్టైనా విప్పలేదు. “మా ఇంట్లో పొయ్యి ఆరిపోయిందని ఎవరు చెప్పారు వదినకి?” అని అడిగి పంపింది. తరవాత ఆమె ఒక పూట వండి రెండు పూటలు సర్దుతోందని పక్కింటివాళ్ళే చెప్పారు.

కోతకి ముందురోజు, గురువారం, బావమరిది విజయవాడకి ఫోన్ చేశాడు.

“బావగారూ, ఒక విచిత్రం. మన ముఠా పెద్ద ఇవాళ గట్టు మీద కనపడి, ఈసారి కూడా మూల వదులుతున్నారా అని అడిగింది.”

“నువ్వేమన్నావ్?”

“వదలకుండా ఉంటాడా మా బావ అన్నాను. ఏం మాట్లాడకుండా వెళ్ళిపోయింది.”

ఆ ఐదు సెంట్లలో బస్తాన్నర పైన వడ్లు. ఇద్దరికి మూడు నాలుగు నెలల తిండి. అటు బంగాళాఖాతంలో వాయుగుండం, శనివారం నుంచి వాన అని టీవీలో చెబుతున్నారు. సాంబమసూరి బాగా పండి ఒరిగి ఉంది. వాన పడి నేలకు అంటుకుంటే రెండు రోజుల్లో మొలకలొస్తాయి.

శుక్రవారం పొద్దున్నే బస్సులో వెళ్ళాం. సబ్బాతుకి ఊళ్ళోనే ఉండిపోయే ఏర్పాటుతోనే వెళ్ళాం. మిషను ఉదయం రావలసింది, ఎక్కడో బురదలో కూరుకుపోయి మధ్యాహ్నానికి వచ్చింది. చేను కోసి, ట్రాక్టరు ట్రక్కులో వడ్లు పోసి పంపేసరికి పొద్దు బాగా వాలింది. మూల ఒక్కటే పచ్చగా పసుపుగా మిగిలి ఉంది. చుట్టూ మోడు.

డ్రైవరు ఇంజను ఆపకుండానే తల బయట పెట్టాడు. “సార్, ఇది కూడా లాగించేస్తా. ఐదు నిమిషాల పని.”

“వద్దు బాబూ, అది అలా ఉండనీ.”

“మళ్ళీ రమ్మంటే రాను సార్. ఎల్లుండి దాకా బుకింగులున్నాయి. చేను సగం కోసి పోయాడని నాకు చెడ్డపేరు.”

“నీకేం పేరు రాదులేవయ్యా,” అన్నాడు బావమరిది. “ఈ ఊళ్ళో ఆ పేరంతా మా బావకే రిజర్వు.”

నా భార్య మాత్రం నవ్వలేదు. మబ్బు వైపు చూసి, “ఏవండీ, కోయించేద్దాం. రెండు గోతాలకెత్తి వాళ్ళ వరండాలో దించేసి వద్దాం,” అంది.

“బియ్యం సంచి ఏమైందో మర్చిపోయావా?”

“అది బియ్యం. ఇవి మూల వడ్లు. అందరివీ.”

“కోసి ఇస్తే అందరివి ఎలా అవుతాయి? మనం ఇచ్చినవి అవుతాయి.”

అప్పుడే పెద్దాయన గట్టుమీదుగా వచ్చాడు. సబ్బాతు వేళ అవుతోందని మమ్మల్ని తొందరపెట్టడానికి వచ్చాడు. నా భార్య ఆయన్ని వదల్లేదు.

“పెద్దాయనా, ఎత్తు చెట్ల మీది ఖర్జూరాలైతే పేదల్ని ఎక్కమనకూడదు, ప్రమాదం కాబట్టి యజమానే దింపి పంచాలని మీరే చెప్పారుగా?”

“చెప్పాను. చెట్టు మీంచి పడతారని. వరిచేలో ఎక్కణ్ణించి పడతారమ్మా?”

“గట్టు మీంచి బురదలోకి,” అన్నాడు బావమరిది.

“వానొస్తే ఆ గింజ పోవడం ప్రమాదం కాదా?” అంది నా భార్య.

పెద్దాయన గడ్డం నిమురుకున్నాడు. “ఇంకో మాట కూడా ఉందమ్మా. తొంభైతొమ్మిది మంది పేదలు కోసి పంచమన్నా, ఒక్కడు వదిలెయ్యమంటే ఆ ఒక్కడి మాటే వినాలి. చేలో పంటకి నియమం అది.”

“ఆ ఒక్కడెవరో ఇక్కడ?”

“ఇంకెవరు, నేనే,” అన్నాడాయన. డ్రైవరు ఈ గొడవ తేలేది కాదని మిషను తిప్పుకుని రోడ్డెక్కాడు. ఇక కొయ్యాలన్నా కొయ్యలేం.

మేము నలుగురం మూల దగ్గరే నిలబడ్డాం. ఆమె వచ్చేదాకా ఉండాలని ఎవరం అనుకోలేదు, కాని ఎవరం కదల్లేదు. నాకు ఇంకో భయం పట్టుకుంది. కాలువ దిగువన బాతుల మంద దిగి ఉంది. కోసిన చేలలో రాలిన గింజకి వాటిని తోలుతారు. తెల్లవారి ఆ మంద మా చేలో పడితే, ఒరిగిన వరి వాటి ముక్కులకి సరిగ్గా అందే ఎత్తులో ఉంది. గంటలో గడ్డి తప్ప మిగలదు. మందతో వచ్చినవాళ్ళు దక్షిణపు జిల్లాల నుంచి వచ్చిన ముసలి దంపతులు, కాలువ పక్కన ప్లాస్టిక్ పట్టా కట్టుకుని ఉన్నారు.

“వెళ్ళి ఆ బాతులాయనకి చెప్పొస్తాను, రేపు ఈ మూల వైపు తోలొద్దని,” అని రెండడుగులు వేశాను.

“చెప్పండి,” అన్నాడు పెద్దాయన వెనకనుంచి. “పేదవాణ్ణి ఆపినట్టవుతుందేమో, అది కూడా చూసుకోండి.”

“ఆయన బాతులు పేదవా?” అన్నాడు బావమరిది.

“బాతుల సంగతి నాకు తెలీదు. ఆయన పరాయి ఊరివాడు, గూడు లేనివాడు. శాస్త్రంలో పేదవాడి పక్కనే రాసింది అలాంటివాణ్ణే.”

నేను ఆగిపోయాను. ఎదురుగా నిలబడి ఉన్న మూల ఆమెకే దక్కాలని నేను కోరుకుంటున్నాను. ఒక మనిషిని మనసులో పెట్టుకుని మిగతా అందర్నీ ఆపాలని చూస్తున్నాను. వేలు పెట్టి చూపించడం లేదు, అంతే తేడా. తప్పు అని తెలుస్తూనే ఉంది. అయినా బాతుల వంక, మబ్బు వంక, అవతలి గట్టు వంక మార్చి మార్చి చూస్తూనే ఉన్నాను. సిగ్నల్ పడక మధ్యలో ఆగిన బండిలో వెనక పెట్టెలో నిలబడ్డట్టు ఉంది. ముందు ఏం జరుగుతోందో తెలీదు, దిగి పోవడానికీ లేదు.

నా భార్య నా మోచెయ్యి తట్టింది. “అటు చూడండి. నేరుగా చూడకండి.”

అవతలి గుమ్మంలో ఆమె. చేతిలో బకెట్టు. కాలువలోకి నీళ్ళు కుమ్మరించి, ఒక్క క్షణం మా వైపు చూసి లోపలికి వెళ్ళిపోయింది.

“మనం వచ్చాక ఆ బకెట్టుతో ఇప్పటికి చాలాసార్లు వచ్చింది,” అంది నా భార్య నెమ్మదిగా. “ఇందాకటిసారి అందులో నీళ్ళు కూడా లేవు. ఉత్తి బకెట్టు కుమ్మరించింది.”

పెద్దాయన అవతలి గట్టు వైపు నుంచి మొహం తిప్పుకున్నాడు.

“మనం ఆమె కోసం కాపలా కాస్తున్నామనుకుంటున్నాం,” అంది మళ్ళీ. “ఆమెకి మనం కాపలావాళ్ళలాగే కనపడుతున్నాం. పదండి ఇంటికి.”

“బాతులో?” అన్నాను.

“బాతులు బాతుల్లాగే ఉంటాయి. మీరు పదండి.”

“ఒక్కణ్ణీ చెట్టు చాటున కూర్చుంటాను బావగారూ, నేను కనపడను,” అన్నాడు బావమరిది.

“నీ పొట్ట కనపడుతుందిరా,” అంది వాళ్ళక్క.

అయినా నేను కదల్లేకపోయాను. ఉద్యోగం అంతా చివరి పెట్టెలో గడిపినవాణ్ణి. బండి మొత్తం స్టేషను దాటిందని చూసుకోకుండా లోపలికి వెళ్ళి కూర్చోవడం నాకు చేతకాదు. చివరికి నన్ను అక్కణ్ణించి కదిలించింది నా మంచితనం కాదు, సూర్యుడు. పడమట మబ్బు అంచు ఎర్రబడింది. “దీపాల వేళ,” అన్నాడు పెద్దాయన. ఇక మాట్లాడ్డానికి లేదు. నలుగురం వెనక్కి తిరక్కుండా గట్టు దిగాం.

బావమరిది ఇంట్లో నా భార్య రెండు దీపాలు వెలిగించి కళ్ళు మూసుకుంది. నేను ప్రార్థన చెబుతున్నానే గాని చెవులు గాలి మీదే ఉన్నాయి. భోజనం ముందు పాడే పాట ఒక చరణం మర్చిపోయాను. గాలి పెంకుల మీద పెరుగుతోంది. ఈ ఒక్క రాత్రిలో ఆమె మనసు మార్చుకుంటే? చీకట్లో కాలువ దాటే తాటిదుంగ మీద కాలు జారితే? ఆమె భర్తకి ఏమన్నా అయి అసలు ఇల్లు కదలలేకపోతే? పోనీ వచ్చి, ముఠాలోవాళ్ళెవరో ఎదురైతే? ఒకవేళ నేను వెళ్ళి చూసినా, చూడటం తప్ప చెయ్యగలిగింది లేదు. సబ్బాతు నాడు కొడవలి ముట్టలేను. అది తెలిసినా నిద్ర పట్టలేదు.

శనివారం ఉదయం. వాన ఇంకా లేదు, ఆకాశం నల్లగా కిందికి దిగి ఉంది.

మందిరానికి కాలువగట్టే దారి. నేనూ నా భార్యా ముందు నడిచాం. దూరం నుంచే బాతుల అరుపు వినపడింది. మంద మొత్తం మా చేలో ఉంది. నా భార్య నాకంటే ముందు గట్టెక్కింది, అక్కడే ఆగింది.

మూల లేదు.

బాతులు తిన్న గుర్తు కాదు. మిషను కోసిన మోడు మోకాలి కిందిదాకా ఉంది. మూలలో మోడు చీలమండ దాటలేదు. ఒకే ఎత్తున, చాప పరిచినట్టు. ఒరిగిన వరిని అంత కిందికి, అంత సమంగా కోసే చెయ్యి మిషనుది కాదు. రాలిన కంకి ఒక్కటి కనపడలేదు. బాతులు అక్కడ ఏమీ దొరక్క అవతలికి పోతున్నాయి. ముసలాయన కర్ర ఊపి మాకు నమస్కారం పెట్టాడు.

నేను అవతలి గట్టు వైపు చూడకూడదని తల దించుకున్నాను. ఆ వైపు నుంచే గొంతు వినపడింది.

“ఏంటన్నయ్యగారూ, మీ మూల చూసుకున్నారా? ఎవరో ఊడ్చుకుపోయారు!”

ఆమె గుమ్మంలో నిలబడి ఉంది. తలకి కట్టిన గుడ్డ ఇంకా విప్పలేదు. వెనక వరండాలో నీలం పట్టా ఏదో ఎత్తుగా కప్పి, నాలుగు వైపులా ఇటుకలు పెట్టి ఉంది. నా భార్య నోరు తెరవబోయింది. నేను ఆమె చెయ్యి నొక్కాను.

“చూశానమ్మా. ఎవరో మంచి పనిమంతులే. గింజ రాలలేదు.”

“పనిమంతులు కాకేం. ఆ బాతులోళ్ళయ్యుంటారు.”

“అయ్యుంటారు.”

“అంతకాలం గార్డు ఉద్యోగం చేసి ఏం లాభమండీ! సొంత మూలకి కాపలా కాసుకోలేకపోయారు.”

“రిటైరయ్యాను కదమ్మా.”

“అదీ నిజమే,” అంది. లోపల ఆమె భర్త దగ్గుతున్నాడు. ఆమె అటు తిరిగి, మళ్ళీ ఇటు తిరిగింది. “వచ్చే ఏడు కూడా ఇట్టాగే పడుకోండి.”

లోపలికి వెళ్ళింది. ఆ తరవాత కాసేపటికే మొదటి చినుకులు నీలం పట్టా మీద చప్పుడు చేశాయి. పట్టా కదల్లేదు.

“బాతులోళ్ళేనంటారా?” అంది నా భార్య.

“వాళ్ళే,” అన్నాను.

సబ్బాతునాడు మేము గొడుగు విప్పం. మందిరం ఇంకా చాలా దూరం ఉంది. తడుస్తూ నడిచాం.